మూడో గండి

ఓథా లీ జైలు పొలం నుంచి వచ్చి బస్సు దిగీ దిగగానే తల్లి సమాధి ఎక్కడని అడగలేదట, క్లీవన్ రక్కర్ ఇల్లెక్కడని అడిగాడట. ఎడమ బూటులో కత్తి ఉందట. ఈ మాట మిస్ పింకీ గాడిస్ బట్టలారేస్తూ పక్కింటావిడతో అన్నదట. ఆవిడ చర్చి మెట్ల మీద ఇంకొకావిడ చెవిన వేసింది. అది ఓజెల్లా వంటింటి గుమ్మం దాకా వచ్చేసరికి ఒక కత్తి రెండు కత్తులయింది, క్లీవన్ అప్పటికే సగం చచ్చి ఉన్నాడు.

ఓజెల్లా టిబ్స్ వింటూనే చేప ముక్కలకు మొక్కజొన్న పిండి పట్టిస్తోంది.

"పింకీకి ఎదురుగా వచ్చే ట్రాక్టరే ఆనదు గదా, బూటులో కత్తి ఎట్లా ఆనిందే?" అన్నది.

మాట మోసుకొచ్చినావిడ మూతి ముడుచుకుని పోయింది.

నిజానికి ఓథా లీ బూట్లకు లేసులే లేవు. వాటిలో కత్తి నిలవదు. వాడు బస్సు దిగి నేరుగా అక్క వంటింట్లోకే వచ్చాడు. గోడకు వీపు ఆనించి, నిలబడే తిన్నాడు. తింటున్నంతసేపూ తలుపు వంకే చూశాడు. క్లీవన్ ఇల్లెక్కడని అడిగిన మాట మాత్రం అబద్ధం కాదు. ఓథా లీ పెళ్ళాం వెర్లీన్ ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది మరి.

ఓజెల్లాకు ఒక్కగానొక్క తమ్ముడు. గుమ్మం నిండే మనిషి, మాట మాత్రం పొదుపు. పొదుపు అనటం కూడా మర్యాదకే. మాట వాడికి వేళకు రాదు. ఎవరైనా ఒకటంటే దానికి జవాబు మర్నాడు ముఖం కడుక్కునేటప్పుడు తోస్తుంది, ఈలోగా చెయ్యి లేస్తుంది. ఆరేళ్ళ కిందట పత్తి గింజ తీసే జిన్ను మిల్లు దగ్గర ఒకడు వాడి తల్లిని గురించి ఏదో కూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఓథా లీ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఆ తర్వాత బండికి కట్టిన కర్ర ఊడబెరికి వాడి దవడ మీద కొట్టాడు. పళ్ళు మొక్కజొన్న గింజల్లా రాలాయి. ఆ మనిషి బతికాడు గాని, ఇవాళ్టికీ రొట్టె ముక్క మింగాలంటే మెడ పక్కకు వంచాలి.

జైలు పొలంలో తోలు పట్టాతో కొడతారు. మొదటి రోజు స్నానానికి చొక్కా విప్పినప్పుడు ఓజెల్లా చూసింది. వీపు దున్ని విత్తడం మరిచిన చేనులా ఉంది. వదిలేటప్పుడు అక్కడి అధికారి ఒకటే మాట చెప్పి పంపాడట. ఎవడి మీదైనా మళ్ళీ చెయ్యెత్తావా, ఈసారి నిన్ను ఇక్కడే పాతిపెడతాం అని. ఓజెల్లాకు వేరే చింతలేమీ లేవు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఈ ఒక్కడు చెయ్యెత్తకుండా ఉంటే చాలు.

క్లీవన్ రక్కర్ ఉండనిచ్చే రకం కాదు. తేలుకు తోకలో ఉన్నది వాడికి నాలిక మీద ఉంది. దొర పొలంలో ట్రాక్టరు తోలతాడు. ముందు పన్ను బంగారం. జేబులో మంగలి కత్తి ఎప్పుడూ ఉంటుంది, గోళ్ళు తీసుకోవటానికేనంటాడు. ఆ కత్తితో ఒకడి చెవి తమ్మె తెగటం ఊరంతా చూసింది. ఓథా లీ లోపలికి పోయిన ఏడాదికి వెర్లీన్‌ను తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమెతో పాటు ఓథా లీ ఈస్టరుకు కొనుక్కున్న గోధుమ, తెలుపు రంగుల బూట్లు కూడా తెచ్చుకున్నాడు. ప్రతి శనివారం అవి తొడుక్కునే ఓజెల్లా కొట్టుకు వస్తాడు.

ఆ కొట్టు నది కట్టకు ఇవతల, ఆర్కాన్సా వైపు, పత్తి చేల మధ్య రేకుల కొట్టు. వెనక పంది మాంసం కాల్చే గుంట, ముందు బల్లలు, మూలన పాటల పెట్టె. శనివారం మధ్యాహ్నానికి చేలలో పని ఆగుతుంది. పొద్దు వాలకముందే కొట్టు కిక్కిరిసిపోతుంది. ఒకప్పుడు ఆ శనివారాలు ఎట్లా ఉండేవంటే, ఆదివారం నేల కడిగితే నీళ్ళు ఎర్రగా పోయేవి. ఓజెల్లా మొగుడు పోయింది కూడా అటువంటి శనివారమే, తనది కాని కొట్లాటలో అడ్డం వెళ్ళి.

అప్పుడు వచ్చింది 'గ్రావెల్ వ్యాగన్', అంటే గులకరాళ్ళ బండి, అనే రికార్డు.

అది మాటల్లేని పాట. మెంఫిస్‌లో నల్లవాళ్ళు ఎవరో వాయించారు. స్పీకరు చిరిగిన గిటారు గొంతులో రాళ్ళు పోసుకున్నట్టు గరగరలాడుతుంది, దాని మీద సాక్సోఫోన్ కొమ్ము దిగిన కోడెలా రంకె వేస్తుంది. అట్లా ఉరుకుతూ ఉరుకుతూ వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఠక్కున ఆగుతాయి. నాలుగడుగులు వేసేంతసేపు ఏమీ ఉండదు. మళ్ళీ డ్రమ్ము దెబ్బ పడుతుంది, అంతా ఉరుకుతుంది. పాట మొత్తం మీద అట్లా మూడుసార్లు. నది కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయిన ఏడు చూసినవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. వాళ్ళే ఆ ఆగిన చోటుకు గండి అని పేరు పెట్టారు.

పాటలో మాటలు లేవు గనుక గండిలో మాట ఎవరిదైనా కావచ్చు. మొదట ఎవరో తాగి ఏదో అరిచారు, జనం నవ్వారు. ఓజెల్లా దాన్ని పట్టుకుని చట్టం చేసింది. ఎవడికి ఎవడి మీద కడుపుమంట ఉన్నా సరే, నాణెం వేసి ఈ రికార్డు పెట్టాలి. మొదటి రెండు గండ్లూ నాణెం వేసినవాడివి, తిట్టుకున్నంత తిట్టుకోవచ్చు. తిట్టు తిన్నవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. మూడో గండి వాడిది. మూడో గండి దాటాక పాట తిన్నగా చివరికంటా పోతుంది, ఇద్దరూ ఒకే సీసాలో తాగాలి, అక్కడితో సరి. ఇద్దరిలో ఎవరి మాట బాగుంటే ఊరు వారం రోజులు వాడి మాటే చెప్పుకుంటుంది. మూడో గండికి ముందు చెయ్యెత్తినవాడికి మాత్రం ఓజెల్లా గల్లా పక్కన ఉన్న గొడ్డలి కామ జవాబు చెబుతుంది. ఒకడు రెండో గండికే చెయ్యెత్తితే మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. వాడిప్పుడు ఎడమచేత్తో తాగుతాడు, అదే కొట్టులో.

అందుకే ఆ రికార్డును ఊరికే ఎవరూ పెట్టరు. చిందులెయ్యటానికి వేరేవి ఉన్నాయి.

సోమవారం నాడు కొట్టు వెనక ఓథా లీ కట్టెలు చీలుస్తుంటే ఓజెల్లా వెళ్ళి దుంగ మీద కూర్చుంది.

"వచ్చే శనివారం క్లీవన్ నాణెం వేస్తాడురా. వెయ్యకుండా ఉండలేడు. నువ్వొచ్చావని తెలిసినప్పటినుంచీ వాడికి నాలిక దురద."

"నేను రాను."

"రాకపోతే ఇంటికొస్తాడు. దారిలో నిలేస్తాడు. అక్కడ చట్టం లేదు, కామ లేదు. ఇక్కడైతే రెండు మాటలు పడతావు, ఒకటి అంటావు, తీరిపోతుంది."

ఓథా లీ గొడ్డలి దించాడు. "నాకు మాట రాదక్కా."

"చప్పున రాదు. శనివారం దాకా టైముంది గదరా. ఇప్పటినుంచీ వెతుక్కో."

వాడు మళ్ళీ గొడ్డలెత్తాడు. ఒక్కొక్క దెబ్బకూ పెదాలు కదిలిస్తూ వారమంతా కట్టెలు చీల్చాడు. బుధవారం పంపు దగ్గర ఓజెల్లాకు వెర్లీన్ కనిపించింది. కంటి కింద నల్లగా కమిలి ఉంది. తలుపు తగిలిందన్నది. ఆ తలుపుకు బంగారు పన్ను ఉందా అని ఓజెల్లా అడిగితే, వెర్లీన్ బకెట్టు పంపు కిందికి జరిపి, "ఓథా బూట్లు వాడికి పెద్దవి వదినా. ముందు న్యూస్‌పేపరు కుక్కుకుని తొడుగుతాడు" అని మాత్రం చెప్పి నీళ్ళెత్తుకుని పోయింది.

ఓజెల్లా ఆ ముక్క తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. శుక్రవారం వాడు వంటింటి గుమ్మంలో నిలబడి, నేలచూపులు చూస్తూ అప్పజెప్పాడు.

"క్లీవన్, నా బూట్లలో కాగితాలు కుక్కావు సరే, నా మంచంలో ఏం కుక్కుతున్నావురా?"

ఓజెల్లా పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది, అంత నవ్వింది. తర్వాత గరిటె తీసుకుని మూకుడు మీద ఆ పాట దరువు వేసింది. దరువు ఆపగానే వాడు మాట అనాలి, మళ్ళీ దరువు పడేలోపు ముగించాలి. మొదట రెండుసార్లు మాట మిగిలిపోయింది. తర్వాత గండిలో సరిగ్గా ఇమిడింది, తాళంలో తాళపుచెవి తిరిగినట్టు. ఓథా లీ పళ్ళు కనపడేలా నవ్వాడు. ఆ పళ్ళు ఆమె ఆరేళ్ళ తర్వాత చూసింది.

ఒక్కటే దిగులు. రికార్డు బాగా అరిగిపోయింది. సరిగ్గా మూడో గండి దగ్గర గీత పడి ముల్లు టక్కుటక్కుమని అక్కడక్కడే కొట్టుకుంటోంది. తమ్ముడి మాట ఆ టక్కుటక్కుల్లో పాడవుతుందని, కొత్తది తెమ్మని పాటల పెట్టె సొంతదారు డాబ్నీకి సోమవారమే కబురు చేసింది.

శనివారం పొద్దున డాబ్నీ వచ్చాడు. తెల్లవాడు, గడ్డి టోపీ, చంకన రికార్డుల సంచి.

"ఏమే ఓజెల్లా, నీ గులకరాళ్ళ బండి తెచ్చాను. ఇదుగో."

"పాతదానికి నడుమ ఎర్ర కాగితం గదండీ. ఇది పసుపుగా ఉందేమండీ?"

"కంపెనీవాళ్ళు రంగులు మారుస్తూనే ఉంటారు. పేరు చూడు. అదేనా కాదా?"

పేరు అదే. డాబ్నీ కొంచెం వినిపించాడు కూడా. గిటారు కాస్త తేటగా ఉన్నట్టనిపించింది, కొత్తది గనుక కాబోలనుకుంది. దరువు అదే. పొయ్యి మీద నూనె కాగుతోంది. "సరేనండీ" అని లోపలికి పోయింది. డాబ్నీ పాతదాన్ని సంచిలో పడేసుకుని వెళ్ళిపోయాడు.

ఎండ ఇంకా కళ్ళలో పొడుస్తుండగానే జనం నిండారు. క్లీవన్ వెర్లీన్ మోచెయ్యి పట్టుకుని లోపలికొచ్చాడు. గల్లా ఎదుట నిలబడి, మంగలి కత్తి తెరిచి గోళ్ళు తీసుకుని, మూసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గోధుమ, తెలుపు బూట్లతో టకటక నడిచి వెళ్ళి పెట్టెలో నికెల్ నాణెం వేశాడు. బటన్ నొక్కకముందే అందరికీ తెలుసు. బల్లలు వెనక్కి జరిగాయి. ఓథా లీ మధ్యకొచ్చి, వెనక తన మణికట్టు తానే పట్టుకుని నిలబడ్డాడు.

పాట ఉరికింది. మొదటి గండి వచ్చింది.

"ఓథా లీ, నువ్వు జైలు పొలంలో పత్తి ఏరినన్నాళ్ళూ నీ ఇంటి పంట నేను ఏరానురా."

కొట్టు ఘొల్లుమంది. ఎవడో బల్ల చరిచాడు. ఓథా లీ కదల్లేదు. ఓజెల్లా గల్లా వెనక కామ పట్టుకుని, పెదాల మధ్య పాట లెక్క వేస్తోంది. రెండో గండి వచ్చింది.

"మీ అమ్మ నిన్ను కన్నదా, ఈనిందా? కంటే మాట వచ్చేదిరా."

ఈసారి నవ్వు కాస్త తక్కువ పడింది. జిన్ను దగ్గరి సంగతి తెలిసినవాళ్ళు తలుపు వైపు జరిగారు. ఓథా లీ మెడ నరం లేచింది. అయినా చేతులు వెనకే ఉన్నాయి. వాడి పెదాలు కదులుతున్నాయి. వాడు తన మాటను నోట్లో తిప్పుకుంటున్నాడని, అంతా బాగానే ఉందని ఓజెల్లాకు తెలుస్తోంది. డ్రమ్ము దొర్లింది. ఓథా లీ గుండెల నిండా గాలి పీల్చి, సరిగ్గా మూకుడు మీద నేర్చుకున్న చోట నోరు తెరిచాడు.

"క్లీవన్, నా బూ..."

పాట ఆగలేదు. గండి ఉండవలసిన చోట సాక్సోఫోన్ కీచుమంటూ దూసుకుపోయింది. మాట దాని కింద పడి నలిగిపోయింది. ఓథా లీ నోరు మూశాడు. తానే తొందరపడ్డాననుకున్నాడు. మరో దరువు ఆగి, మళ్ళీ తెరిచాడు. సాక్సోఫోన్ ఇంకా పైకెక్కింది. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

క్లీవన్ తన నోరు కూడా అట్లాగే తెరిచి మూసి, గట్టున పడ్డ చేపలా కళ్ళు తేలేసి చూపించాడు. కొట్టంతా విరగబడి నవ్వింది.

ఓజెల్లాకు అప్పుడు తెలిసింది. ఇది ఆ పాట కాదు, ఆ పేరుతో ఇంకెవరో వాయించిన పాట. నున్నగా వాయించారు, మూడో గండిని పూడ్చేశారు. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడింది. ఆమె కామ వదిలేసి, మనుషులను మోచేతులతో తోసుకుంటూ పెట్టె వెనక్కి పోయి తీగ పట్టి లాగింది. పాట మూలిగి ఆగింది. కొట్టు నిశ్శబ్దమయింది. ఆమె తెచ్చిన ఆ గండిలో మాట వినపడలేదు. ఎముక విరిగిన చప్పుడు వినపడింది.

ఓథా లీ చెయ్యి లేచింది.

క్లీవన్ ముక్కు ముఖంలోకి దిగిపోయింది. వాడు తూలుతూనే మంగలి కత్తి తెరిచి అడ్డంగా విసిరాడు. ఓథా లీ ఎడమ చెంప తెరుచుకుని లోపలి పళ్ళు బయటికి కనిపించాయి. ఇంకో విసురుకు మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చీలింది. వాడు ఆ చేత్తోనే కత్తి ఉన్న చేతిని పట్టుకుని మెలితిప్పాడు. భుజం కీలు ఊడింది. క్లీవన్ ఆడపిల్లలా కేక పెట్టాడు. ఓథా లీ వాడి జుట్టు పట్టి ముఖాన్ని పాటల పెట్టె అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలి, లోపల ఆరిపోయిన దీపాలు నెత్తురుతో ఎర్రబడ్డాయి. మళ్ళీ కొట్టాడు.

ఓజెల్లా కామ ఎక్కడుందో వెతికి పట్టుకుని వచ్చింది. చట్టం తమ్ముడికైనా చట్టమే, పైగా వాణ్ణి ఆపటానికి వేరే దారి లేదు. భుజం మీద కొట్టింది. నడుము మీద కొట్టింది. "వదలరా, వాణ్ణి వదలరా, నిన్ను పాతిపెడతారురా" అంటూ బలం కొద్దీ వీపు మీద కొట్టింది. ఆ వీపుకు అటువంటివి అలవాటే. కామ విరిగి సగం ఆమె చేతిలో మిగిలింది. ఓథా లీ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. క్లీవన్‌ను ఈడ్చుకుపోయి ఇనుప పొయ్యి మూలకు వాడి తల వేసి మోదాడు. మొదటిసారి పొయ్యి మోగింది. తర్వాత మోగటం మానేసి మెత్తగా వినిపించింది. చివరికి ఓథా లీ చేతులే అలిసిపోయి ఆగాయి.

క్లీవన్ కాలు ఒకసారి నేలను తన్నింది. ఆ తన్నుకు బూటు ఊడి దూరంగా పడింది. అందులోంచి ఉండగా చుట్టిన న్యూస్‌పేపరు దొర్లి, వెర్లీన్ పాదాల దగ్గర ఆగింది. ఆమె దాన్ని చూసింది గాని వంగలేదు.

ఓథా లీ గస పోస్తూ నిలబడ్డాడు. చెంప చీలికలోంచి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. కింద ఉన్నవాడి వంక చూసి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అన్నాడు.

"క్లీవన్, నా బూట్లలో కాగితాలు కుక్కావు సరే. నా మంచంలో ఏం కుక్కుతున్నావురా."

ఒక్కరూ నవ్వలేదు.

షెరీఫు మనుషులు వచ్చేసరికి ఓథా లీ బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వాడి చెంపకు ఓజెల్లా పిండి సంచి గుడ్డ అదిమి పట్టుకుని ఉంది. ఆమెను పక్కకు ఈడ్చేశారు. చేతులు చాచి ఇస్తున్నవాణ్ణి తుపాకి మడమలతో కొట్టి పడగొట్టారు, పడ్డాక బూటు కాళ్ళతో పక్కటెముకలు విరగదన్నారు. "ఎందుకు చంపావురా?" అని ఒకడు అడిగాడు. ఓథా లీ నోరు తెరిచాడు, మూశాడు. పెదవి మీద ఇంకో దెబ్బ పడింది. గొలుసు వేసి కారులో కుక్కారు. పత్తి ఏరే కాలం, జైలు పొలానికి చేతులు కావాలి. ఈసారి వాడు అక్కడినుంచి తిరిగి వచ్చేది లేదు.

తానెప్పుడో చెప్పానని మిస్ పింకీ ఊరంతా చెప్పుకుందట. రెండు కత్తులూ తన కళ్ళతో చూసిందట.

మరుసటి శనివారం పొద్దున డాబ్నీ సంచి చంకన పెట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు. కొట్టులో అప్పటికే నలుగురైదుగురు మగవాళ్ళు ఉన్నారు. మణికట్టు విరిగినవాడు ఎడమచేత్తో సీసా పట్టుకుని ఉన్నాడు. ఓజెల్లా పొయ్యి మూలను ఇసుకతో తోముతోంది. వారం నుంచి తోముతూనే ఉంది, మచ్చ పోలేదు.

"ఏమే, నా పెట్టెను ఇట్లా చేశారేమిటే? అద్దం ఎవడిస్తాడు?" డాబ్నీ ముక్కలు పక్కకు తీసి లోపల చెయ్యి పెట్టాడు. "పోనీలే, ఇదొక్కటి పగల్లేదు." పసుపు కాగితం ఉన్న రికార్డు తీసి మోచేతి మీద తుడిచాడు. "మన తెల్ల కుర్రాళ్ళు వాయించారు. మీ మెంఫిస్‌వాళ్ళ దానికన్నా ఇదే జోరుగా పోతోంది. నున్నగా ఉంటుంది, మీదానిలా చివర్లో ఆగదు. అయినా దేనికైనా ఒకటేలే, అదే పాట గదా."

సీసాలు బల్లల మీదే ఉండిపోయాయి. ఓజెల్లా లేచి, ఇసుక చేతులు గౌనుకు తుడుచుకుని, ఆ తెల్లమనిషి కళ్ళలోకి తిన్నగా చూసింది.

"అదే పాట కాదురా. నువ్వు తెచ్చినదాంట్లో మూడో గండి లేదు. అందుకని ఇద్దరు మనుషులు పోయారు."